మేకుకు తగిలించిన ఆరు గాజులు

పోయిన నెల కడపలో ఒక గాజుల దుకాణానికి వెళ్ళాను. ఈ వయసులో నీకు గాజులెందుకని మా కోడలు నోటితో అనదు, ఆమె చూపు అంటుంది. మా ఆయన పోయి ఆరేళ్ళయినా నేను మానలేదు. గాజులు తొడిగి పెరిగిన చేతులివి, బోసిగా ఉంటే నాకు అన్నం కలుపుకోబుద్ధి కాదు. దుకాణంలో పిల్లకు పాతికేళ్ళుంటాయి, ఆ దుకాణం వాళ్ళ కోడలట. నా పాత గాజులు రెండు చేతులవీ తీసేసింది. ఎడమచేతికి ఆరు గాజులు చక్కగా, నొప్పి తెలియకుండా ఎక్కించింది. కుడిచెయ్యి అందుకోబోతుంటే ఫోను మోగింది. ఎవరో పెళ్ళివారు బెంగుళూరు నుంచి ఫోనులోనే సరుకు చూపించమంటున్నారు. "ఒక్క నిమిషం అవ్వా" అని లేచి అద్దాల బీరువాల వైపు వెళ్ళిపోయింది. ఆ ఒక్క నిమిషం పది నిమిషాలయింది. నాకు ఓపిక తక్కువ, అది మా ఇంట్లో అందరికీ తెలుసు. బ్యాంకులో టోకెను ఇచ్చి కూర్చోమంటే కాలుగాలిన పిల్లిలా తిరుగుతాను. ఇంకెక్కడైనా అయితే ఈపాటికి లేచి నాలుగు దులిపి వచ్చేదాన్ని. కానీ మెత్త మీద నా కుడిచెయ్యి బోసిగా పడి ఉంటే, దాన్ని చూస్తూ కదలలేకపోయాను. ఒక్క నిమిషం అన్న ఆ మాట పదిహేడేళ్ళప్పుడు నా నోటి నుంచి వచ్చిందే.

కర్నూలు పాతూళ్ళో మా అంగడి అంటే ఇంటి ముందుగదే. ఒక గడప దాటితే అంగడి, ఇంకో గడప దాటితే వంటిల్లు. గాజుల పెట్టెల్లో చుట్టి వచ్చే వరిగడ్డి వాసన, చేతులకు రాసే ఆముదం వాసన, వెనకనుంచి జొన్నరొట్టె కాలే వాసన, మూడూ కలిసి నా పావడాకు, జుట్టుకు పట్టేసి ఉండేవి. బడిలో పిల్లలు నన్ను చూడకుండానే నేనొచ్చానని చెప్పేవారు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంట్లో మేం ముగ్గురం, నాయన, నాయనను కన్న మా జేజి, నేను. సరుకు తేవడం నాయన వంతు, తొడగడం నా వంతు. నిజానికి జేజి తొడిగినట్టు ఆ చుట్టుపక్కల ఎవరూ తొడగలేరని ముసలివాళ్ళు చెప్పుకునేవారు. ఎంత బిగుసుకుపోయిన చెయ్యయినా ఆమె బొటనవేలి కీలు దగ్గర పట్టుకొని నలిపితే వెన్నలా లొంగేదట. కానీ జేజినాయన పోయిన రోజున ఆమె చేతి గాజులతో పాటు ఆ పని కూడా పోయింది. మొగుడు పోయిన మనిషి చేత గాజులు తొడిగించుకునేవాళ్ళు ఎవరుంటారు? అందుకని ఆమె లోపలి గడప మీద, వచ్చేవాళ్ళకు ఎదురుపడకుండా ఓరగా కూర్చునేది. అక్కడినుంచే వచ్చిన మనిషి చెయ్యి ఒక్కసారి చూసి "రెండూ ఆరు" అనో "రెండూ నాలుగు" అనో కొలత చెప్పేది. ఒక్కసారి కూడా తప్పింది లేదు. ఊరందరి చేతులకూ గాజుల కొలత చెప్పే మనిషి చేతులు మాత్రం మణికట్టు దాకా బోసిగా, కట్టెల్లా ఉండేవి. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను కాబట్టి నాకు అందులో వింత ఏమీ కనిపించేది కాదు. ఆమెకు ఎలా ఉండేదో అడగాలని కూడా తోచలేదు.

జేజి కోడి కూయకముందే లేచి వాకిలి ఊడ్చి, గడపకు పసుపు రాసి, కుండ కడిగి కొత్త నీళ్ళు పోసి అంగట్లో మూలన పెట్టేది. ఆ తర్వాతే తన అంబలి. పల్లెల నుంచి నడిచివచ్చే ఆడవాళ్ళకు ముందు చెంబుతో నీళ్ళు ఇవ్వాలి, తర్వాత బిడ్డాపాపా ఎట్లున్నారని అడగాలి, సరుకు మాట ఆ తర్వాత. అది ఆమె చట్టం. ఇంకో చట్టం కూడా ఉండేది. పాత గాజులు తీసేటప్పుడు ఒక్కటైనా చేతికి వదలాలి, కొత్తవి ఎక్కాకనే ఆ ఒక్కటీ తీయాలి. ఒక చెయ్యి నిండేదాకా రెండో చేతి జోలికి పోకూడదు, రెండు చేతులూ నిండేదాకా మనిషిని వదలకూడదు. "నడిమిట్ల రాజే పిలిచినా లేయొద్దు" అనేది. నాకు ఇదంతా ముసలమ్మ చాదస్తంగా ఉండేది. నాకు అసలు ఒకచోట కూర్చోవడమే చేతనయ్యేది కాదు. ఒక చెయ్యి నలుపుతూ ఉంటే నా కళ్ళు వీధిలో ఉండేవి, వీధిలో ఉంటే మనసు కొండారెడ్డి బురుజు దాటి ఎక్కడికో పోయేది. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించారన్న కోపం ఒకటి లోపల ఎప్పుడూ కుతకుతమంటూ ఉండేది.

అలాంటి రోజుల్లోనే మా ఊరు రాజధాని అయింది. మద్రాసు నుంచి ఆఫీసులు, ఫైళ్ళు, గుమాస్తాలు, వాళ్ళ పెళ్ళాంబిడ్డలు అందరూ ఒక్కసారిగా దిగారు. ఇళ్ళు చాలక మైదానాల్లో గుడారాలు వేశారు. మా ఎండకు ఆ గుడారాల్లో వాళ్ళు ఎలా ఉండేవారో దేవుడికే తెలియాలి. ఆ అమ్మలు సాయంత్రం జట్కాలో గొడుగు వేసుకొని బజారుకు వచ్చేవారు. మాట చివర "అండీ" అంటారు, పౌడరు రాసుకుంటారు, గాజులు ఇంటికి కట్టించుకొని పోతారు, చెయ్యి ఇచ్చి గంటసేపు కూర్చోరు. నా ప్రాణానికి వాళ్ళు చల్లగా ఉండేవారు. నాయనకు ఇంకా చల్లగా ఉండేది. ఒక అద్దాల బీరువా, పేము అల్లిన కుర్చీ ఒకటి తెచ్చాడు. కుర్చీ వేయడానికి చోటు చాలక నీళ్ళకుండ తీసి వెనక దొడ్లో పెట్టాడు.

"కుండ ఏంటికి తీసినావురా?" అంది జేజి.

"కుర్చీ యాడ వేయాల మరి? ఆ అమ్మలు మన మాదిరి చాప మీద కూచ్చుంటారా?"

"కొత్తొక వింత, పాతొక రోత" అని గొణిగింది జేజి. నేను మాత్రం ఆ కుర్చీని రోజుకు రెండుసార్లు తుడిచేదాన్ని. చాపను దులిపేది ఎప్పుడో ఒకసారి.

ఉగాది నాలుగు రోజులుందనగా నాగమ్మ వచ్చింది. హంద్రి ఏటికి అవతల రెండు కోసుల దూరంలో ఉన్న పల్లె ఆమెది. ఏడాదికొకసారి ఉగాది ముందు ఒక సంచి జొన్నలు నెత్తిన పెట్టుకొని వచ్చి, వాటిని మా గంపలో పోసి, రెండు చేతులకూ గాజులు తొడిగించుకొని పోయేది. ఆమె వెంటే ఆ పల్లె ఆడవాళ్ళంతా మా అంగడికే వచ్చేవారు. ఆ రోజు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. జేజి లోపల రొట్టెలు తడుతోంది. నాగమ్మ జొన్నలు గంపలో పోసి, కుండ ఉండే మూలకు ఒకసారి చూసి, కుర్చీని చూసి, చాప మీద కూర్చుంది. నేను నీళ్ళు ఇవ్వలేదు. దొడ్లోకి పోయి తేవాలని బద్ధకించాను.

"మా బాయి ఎండిపోయినాది పాపా. ఈ ఎండాకాలం లోతు చేస్తాండాము. మా ఇంటాయన పొద్దున లోపలికి దిగితే మాపటికి పైకొస్తాడు. పైనుంచి ఏ రాయి పడుతుందోనని నాకు ఒకటే గుబులు. పచ్చ గాజులు తొడుగు, చేతి నిండా" అంది.

ఆకుపచ్చ మీద బంగారు చుక్కలవి కొత్తగా వచ్చాయి. చేతికి ఆరు చొప్పున పన్నెండు తీశాను. త్వరగా ముగించాలని రెండు చేతుల పాత గాజులూ ఒకేసారి తీసేశాను, ఒక్కటీ వదలకుండా. ఎడమచేతికి ఆరూ ఎక్కించాను. అప్పుడే జట్కా ఆగింది. గుడారాల్లో ఉండే ఒక ఆఫీసరుగారి భార్య, నెలకు రెండుసార్లయినా వచ్చే మనిషి, గొడుగు మడుస్తూ లోపలికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"ముందు ఆవిడది కానివ్వమ్మా, నేను కూర్చుంటాను" అందామె. ఈ మాట ఆమె అన్నదని నేను ఎన్నడూ దాచలేదు. తప్పు ఆమె మీదికి నెట్టే వీలు దేవుడు నాకు ఇవ్వలేదు.

"ఫర్వాలేదండీ" అన్నాను, వాళ్ళ దగ్గర నేర్చిన "అండీ"ని సాగదీస్తూ. నాగమ్మ వైపు తిరిగి "ఒక్క నిమిషం కూచ్చో అక్కా" అన్నాను. ఆ తర్వాత బీరువా తెరిచి రాళ్ళ గాజులు చూపించాను, రంగులు వెలుతురుకు పెట్టి చూపించాను, చీర అంచుకు కలిపి చూపించాను, మద్రాసు బజార్లు ఎట్లుంటాయని అడిగి చెప్పించుకున్నాను. ఆమె కొన్నవి కాగితంలో కట్టి జట్కా దాకా వెళ్ళి చేతికిచ్చి వచ్చాను. తిరిగి వచ్చేసరికి చాప మీద ఎవరూ లేరు. నీళ్ళకు పోయి ఉంటుందిలే అనుకున్నాను.

జేజి చేతికి పిండితో బయటికి వచ్చింది. "నాగమ్మ గొంతు వినపడినాది, యాడ?"

"పోయినట్లుండాది."

ఆమె చాప వైపు చూసింది. "ఈ ఆరు గాజులు ఎవురివి?"

"కుడిచేతివి."

"పాతవి?"

నేను కుప్ప చూపించాను. జేజి కిందికి వంగి ఆ పాత గాజుల్ని ఒక్కొక్కటే వేరుచేసి చూసింది. ఎడమవి, కుడివి. "ఒక్కటి కూడా ఇడవలేదా మే?"

నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసినప్పుడే నాకు కోపం ఎక్కువ. "ఆరు గాజులకు ఇంత రచ్చ ఏంటికి జేజీ? ఒక్క నిమిషం కూచ్చోమంటే కూచ్చోలేదు, నన్నేం చేయమంటావు?"

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచి, అది అక్కడికి తీరిపోయేది. పిండి అంటిన తన రెండు చేతులూ నా ముఖం ముందు చాపింది. "బోసి చెయ్యి ఎట్లుంటాదో నీకు తెల్దు. నాకు తెల్సు. మొగుడు బాయిలో ఉండాడని చెప్పిన మనిషిని ఒంటిచేత్తో ఎండకు పంపినావు. ఇంటికి పోయి ఆయప్ప ముందర ఆ చెయ్యి యాడ పెట్టుకోవాల ఆమె?"

మరునాడు పొద్దున్నే జేజి ఆ ఆరు గాజులకూ పసుపు రాసి గుడ్డలో కట్టి నా చేతికిచ్చి నాగమ్మ పల్లెకు పొమ్మంది. ఈ పొద్దు గుడారాల అమ్మలు వస్తారు, ఈ పిల్ల పోతే తొడిగేది ఎవరని నాయన ఎగిరాడు. "తొడిగించుకోరు కదా, కట్టించుకొనే కదా పోతారు, నువ్వు కట్టియ్యి" అంది జేజి. నాతో మాత్రం ఒకే మాట చెప్పింది. "తప్పయినాదని చెప్పు. సాకులు చెప్పొద్దు."

హంద్రి ఇసుక దాటి, చేలు దాటి ఆ పల్లె చేరేసరికి పొద్దు నెత్తికెక్కింది. నాగమ్మ తమ బావి గట్టున ఉంది. ఎద్దు మోకు లాగుతూ ఉంటే కిందినుంచి రాళ్ళ గంప పైకి వస్తోంది, ఆమె దాన్ని దించి గుమ్మరిస్తోంది. గంప ఎత్తినప్పుడల్లా గాజుల చప్పుడు రెండు చేతులనుంచీ వినిపించింది. ఎడమచేతికి మా పచ్చగాజులు. కుడిచేతికి ఆరు ఎర్రగాజులు.

"ఏం పాపా, ఇంతదూరం వచ్చినావు?" అంది. కోపం లేదు. అదే నన్ను ఇంకా చిన్నబుచ్చింది.

"తప్పయినాది అక్కా. నీ కుడిచేతి గాజులు తెచ్చినా."

"ఇప్పుడేం వద్దులే. నిన్న దారిలో మలారం సాయిబు ఎదురైనాడు. కొంగు పీలిక చేతికి కట్టుకొని పోతాంటే చూసి, చింతచెట్టు కింద కూచ్చోబెట్టి తొడిగినాడు. ఆయప్ప దగ్గర పచ్చవి లేవు."

మలారం అంటే గాజులు గుచ్చి భుజాన వేసుకునే మోకు. అది వేసుకొని ఊరూరా తిరిగే ముసలి సాయిబును నేనూ ఎరుగుదును, మా నాయన అతన్ని లెక్కలోకే తీసుకునేవాడు కాదు.

"అవి తీసి ఇవి తొడుగుతా అక్కా, జోడు కలుస్తాయి. నువ్వు గింజలు ముందే పోసినావు."

"నిండిన చేతివి తీస్తావా? మళ్ళా బోసి చేసేకా?" అంది నాగమ్మ. ఆమె గొంతు మారింది ఆ ఒక్క మాట దగ్గరే. "మా ఇంటాయన ఇప్పుడు కింద ఉండాడు. ఈ చేతిని ఎవురూ ముట్టుకోవద్దు."

పక్కన రాళ్ళేరుతున్న ముసలామె ఒకతె నడుం పట్టుకొని లేచింది. "మీ అంగట్లో ఇప్పుడు కుర్చీలోళ్ళకే కదమ్మా మర్యాద. మాబోటోళ్ళకు నీళ్ళు గుడక లేవంట" అని, అలా అంటూనే చట్టిలోంచి చెంబెడు మజ్జిగ వంచి నాకిచ్చింది. ఎండలో నడిచి వచ్చాను కాబట్టి తాగక తప్పలేదు. అంత చల్లని మజ్జిగ, అంత కష్టంగా గొంతు దిగిన మజ్జిగ నా జన్మలో తాగలేదు.

తిరుగుదారిలో ఏటి ఒడ్డున సాయిబు మలారం దించుకొని కూర్చుని ఉన్నాడు. నేనెవరో గుర్తుపట్టాడు. నాకు సిగ్గుతో పాటు ఉక్రోషం కూడా ఉంది. మా బేరం నువ్వెందుకు పట్టినావన్నట్టు మాట్లాడాను.

ఆయన నవ్వాడు. "బేరం యాడిది బేటీ? సగం చేతికి బేరముంటాదా? ఆమె దగ్గర నేను గింజ గుడక ముట్టలేదు. మీ జేజి తొడిగేది చూసి నేర్సుకున్నోణ్ణి నేను. ఆ చెయ్యి మీదే. నావి ఉత్త కావిలి గాజులు, అంతదాకా చెయ్యి బోసిపోకుండా కాసేవి. అవి పోయినంక ఆమె మీ కాడికే రావాల, వస్తే."

ఆ "వస్తే" అన్న మాట ఏడాదిపాటు నా చెవిలో ఉండిపోయింది.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. జేజి ఆ ఆరు గాజుల్నీ దారానికి గుచ్చి, కుర్చీకి ఎదురుగా గోడకున్న మేకుకు తగిలించింది. "ఇవి ఒకరి చేతివి. ఎవురడిగినా ఈయొద్దు" అంది. అంతే. కానీ నేను అంగట్లో ఎటు తిరిగినా అవి కనపడేవి. గాలి వీస్తే గలగలమనేవి. ఒక్కోసారి చూడకుండా ఉండాలని వాటికి వీపు పెట్టి కూర్చునేదాన్ని. అప్పుడు చప్పుడు ఇంకా బాగా వినిపించేది.

రెండు నెలల తర్వాత ఆ ఆఫీసరుగారి భార్య వచ్చి సరిగ్గా అవే కావాలంది. ఆ రకం మళ్ళీ రాలేదు. నాయన చెయ్యి మేకు మీదికి పోయింది. జేజి గడప మీదనుంచే "అవి ఒకరి చేతివమ్మా" అంది. ఎవరివని ఆమె అడిగింది. జేజి ఎవర్నీ తప్పుపట్టకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె విని నా వైపు తిరిగి "నేను ఆగుతానన్నానే" అంది మెల్లగా. ఆ రోజునుంచి మా అంగడికి వచ్చినప్పుడల్లా ఆమె కుర్చీలో కూర్చోలేదు, చాప మీద కూర్చుంది. ఆ వేళ ఆమె వెళ్ళిపోయాక నాయన మాత్రం "మేకుకు వేలాడదీసి పూజ చేస్తాండారా" అని గొడవపడ్డాడు.

పండగల ముందు ఆ పల్లె ఆడవాళ్ళు మా వాకిలి ముందునుంచే ఇంకో అంగడికి పోయేవారు. నేను గడపలో నిలబడి వాళ్ళ చేతులు వెతికేదాన్ని. నాగమ్మ ఒక్కసారీ కనపడలేదు. ఎర్రగాజులు పోయినంక వస్తుందన్నాడు కదా సాయిబు, అవి ఎప్పుడు పోతాయా అని ఎదురుచూశాను. ఇప్పుడు చెప్పడానికి నాకు సిగ్గు లేదు. మొగుడు బావిలో దిగి ఉన్న ఒక ముత్తైదువ చేతి గాజులు ఎప్పుడు చిట్లుతాయా అని రోజూ పొద్దున లేచి కోరుకున్నాను. కోరుకున్నది ఏమిటో ఒక రోజు నాకే తట్టి, చేతిలో ఉన్న గాజుల దండ కింద పడేశాను.

ఈలోగా రాజధాని హైదరాబాదుకు పోయింది. లారీల్లో బీరువాలు, ఫైళ్ళు, మంచాలు, మనుషులు వరసగా వెళ్ళిపోయారు. గుడారాలు పీకిన చోట గుంజల గుంతలు, మేకలు మిగిలాయి. ఆఫీసరుగారి భార్య వెళ్ళేముందు వచ్చి జేజి కాళ్ళకు మొక్కి పోయింది. అంగట్లో అద్దాల బీరువా, పేము కుర్చీ మిగిలాయి, కూర్చునేవాళ్ళు లేరు. నాయన రెంటికీ చెడ్డ రేవడయ్యాడు. ఒక పొద్దున లేచి చూస్తే కుర్చీ అటక మీద ఉంది, నీళ్ళకుండ తన మూలన ఉంది. ఎవరు పెట్టారని జేజి అడగలేదు, నాయన చెప్పలేదు.

మళ్ళీ ఎండలు వచ్చాయి. వంకాయలమ్మే ఆమె ఒకతె హంద్రి అవతలినుంచి వచ్చి గంప దించుతూ, నాగమ్మ వాళ్ళ పల్లెలో బావిలో మనిషి పోయినాడంట అని చెప్పింది. ఎవరో ఆమెకు తెలియదు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగాను. జేజి నా రెక్క పట్టుకుంది. "యాడికి? చావయిన ఇంటికి గాజులోళ్ళు పోతే ఏమనుకుంటారో తెల్సా? పగలగొట్టే చేతికాడికి తొడిగేదానివి పోతావా?" నిజమే. మేము పోగూడని గడప అదొక్కటే. అయిదు రోజులు నేను ఇంట్లో నిలవలేదు, కూర్చోలేదు. పొయ్యి మీద రొట్టె మాడ్చాను. కొలతలు తప్పు ఇచ్చాను. మేకు వైపు చూడడానికి భయం. నా కోరికే పోయి ఆమె గాజులు పగలగొట్టిందని నమ్మాను. పదిహేడు దాటి పద్దెనిమిదిలో ఉన్న పిల్లకు తన పాపం అంత పెద్దదిగా కనపడుతుంది.

ఆరో రోజు మధ్యాహ్నం గడపలో నీడ పడింది. తలెత్తాను. నేను మొదట చూసింది ఆమె నుదురు. నాగమ్మ నుదుట రూపాయంత బొట్టు, చెమటకు కారి ముక్కు దాకా వచ్చి ఉంది. నేను ఏడ్చేశాను. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"ఏమాయ పాపా?" అంది ఆమె కంగారుపడి.

"మీ బాయిలో మనిషి..."

"మనిషీ పోలేదు, ఎద్దూ పోలేదు. ఎవురు చెప్పినారు నీకు? ఎద్దు కాలు జారి బాయిలోకి ఒరిగినాది. ఈ ఏడు గుడక లోతు చేస్తాండాము, కింద మా ఇంటాయన ఉండాడు. అది పడితే ఆయప్ప మీదనే పడాల. పలుపు పట్టుకొని గుంజినా, జనమొచ్చేదాకా ఇడవలేదు. రెండు పానాలూ దక్కినాయి. గాజులే పోయినాయి" అని కుడిచెయ్యి కొంగులోంచి తీసి చూపించింది. మణికట్టు నిండా గాట్లు, పసుపు పూసి ఉన్నాయి, ఒక పసుపుదారం కట్టి ఉంది. ఎడమచేతికి మా పచ్చగాజులు రెండు మిగిలి ఉన్నాయి. ఏడాది కాపురం, ఏడాది సేద్యం దాటి వచ్చిన గాజులు.

లోపలినుంచి జేజి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ముత్తైదువకు ఎదురు రాకూడదన్న నియమం ఆ రోజు ఆమెకు గుర్తులేదో, ఉండీ లెక్కచేయలేదో. నాగమ్మ నీళ్ళు తాగి, "కుండ మళ్ళా పెట్టినారే" అని చాప మీద కూర్చుంది. గోడ మీదికి చూసింది. మేకును, గాజుల్ని, నన్ను చూసింది. తర్వాత కుడిచెయ్యి ముందుకు చాపింది.

నేను మేకు నుంచి దండ తీశాను. ఏడాదిగా బిగుసుకుపోయిన దారం ముడి విప్పలేకపోతున్నాను. "తొందరేం లేదు పాపా. నేను యాడికీ పోను" అంది నాగమ్మ. గాట్లు తగలకుండా, ఆముదం రాసి, బొటనవేలి కీలు నలిపి, ఒక్కొక్కటే ఎక్కించాను. నాలుగో గాజు దగ్గర గడపలో ఎవరో నిలబడి, "ఏమ్మా, ఎవరున్నారు?" అని రెండుసార్లు పిలిచారు. వాళ్ళెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నేను తల ఎత్తలేదు.

ఆ పల్లె నుంచి తిరిగి వచ్చింది నాగమ్మ ఒక్కతే. మిగతా ఆడవాళ్ళను ఇంకో అంగడి దక్కించుకుంది, అది న్యాయమే. ఆ తర్వాత నా పెళ్ళయింది, కడపకు వచ్చాను, కథలు రాయడంలో పడ్డాను, గాజులమ్మే పని నాయనతోనే పోయింది. ఇప్పుడు దుకాణాలకు జనం చుక్కలు ఇస్తారట, అయిదు చుక్కలు వస్తే మంచి దుకాణమట. మా మనవరాలు నాకు ఫోనులో చూపించి చెప్పింది. ఒక మనిషి కోపం లేకుండా లేచి వెళ్ళిపోతే ఎన్ని చుక్కలు తగ్గాలో ఆ ఫోనుకు తెలిసినట్టు లేదు. పోయిన నెల ఆ దుకాణంలో కూర్చుని గోడలన్నీ చూశాను. అంతా అద్దాలే, ఒక్క మేకు లేదు. నేను లేచిపోతే నా కుడిచేతి గాజులు తిరిగి పెట్టెలోకి పోతాయి, సాయంత్రానికి ఇంకొకరి చేతికి ఎక్కుతాయి. ఆ పిల్లకు నేను గుర్తు కూడా ఉండను. అందుకే లేవలేదు.

పది నిమిషాల తర్వాత ఆమె పరుగున వచ్చింది. "సారీ అవ్వా, శానా సేపు కూచ్చోబెట్టినా" అంటూ నా బోసి చెయ్యి చూసి ఆగింది. ఏమనుకుందో ఏమో, ముఖం చిన్నదయింది. చెప్పదలిస్తే నా దగ్గర చాలా మాటలున్నాయి, నోరూ ఉంది. అంతలోనే ఆమె చేతిలో ఫోను మళ్ళీ మోగింది. నేను కుడిచెయ్యి చాపాను.

"తొందరేం లేదు పాపా. నేను యాడికీ పోను" అన్నాను.

ఆ పిల్ల ఫోనును బల్ల మీద బోర్లా పెట్టి, నా చెయ్యి అందుకుంది.